తీర్పు ఏ పేజీలో వచ్చింది?

మా రోజుల్లో పత్రికలు ఒక నాయకుడి మీద ఆరోపణ రాస్తే, అది ఎటు తేలిందో కూడా రాసేవి. ఇప్పుడు ఆరోపణ వచ్చిన రోజు టీవీలో పొద్దస్తమానం అదే గోల. పదేళ్లకు తీర్పు వస్తే ఎవరికీ పట్టదు. ఎనభైకి దగ్గరపడుతున్న ఈ వయసులో నన్ను కోపం తెచ్చుకోవద్దంటారు మా ఇంట్లోవాళ్లు. ఈ విషయంలో నావల్ల కాదు.

మాది కోయంబత్తూరులో పీలమేడు పక్క. తాతల నాటినుంచీ ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. నా చిన్నప్పుడు మిల్లు సంగు ఊది షిఫ్టు దిగాక మగవాళ్లంతా పడిప్పగానికి, అంటే పేపర్లు చదువుకునే చోటికి, చేరేవాళ్లు. ఒకాయన పేపరు పెద్దగా చదివితే పదిమంది చుట్టూ కూర్చుని వినేవాళ్లు. అక్షరం రాని కార్మికుడికి కూడా ఏ మంత్రి మీద ఏ ఆరోపణ ఉందో, విచారణ ఎంతదాకా వచ్చిందో తెలిసేది.

మా నాయన తరం వాళ్లు ఆర్.కె. షణ్ముఖం చెట్టి గురించి మాట్లాడుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తు. ఆయన మా కోయంబత్తూరు మనిషి. కొచ్చిన్ దివానుగా పనిచేసి, స్వతంత్ర భారతానికి తొలి ఆర్థికమంత్రి అయ్యాడు. 1947 నవంబరు 26న తొలి బడ్జెట్ పెట్టింది ఆయనే. ఏడాది తిరక్కుండానే, 1948 ఆగస్టులో రాజీనామా చేయాల్సొచ్చింది. ఆదాయపన్ను విచారణ సంఘానికి పంపిన జాబితాలోంచి కొందరి పేర్లు తీసేశారన్నది వివాదం. అవి మా ఊరి మిల్లు యజమానుల పేర్లేనని జనం చెప్పుకున్నారు. మనిషీ మావాడే, మిల్లులూ మావే కాబట్టి దాచిపెట్టాలనుకుంటే ముందు మేమే దాచాలి. మా నాయన మాత్రం ఆయన మాట వచ్చినప్పుడల్లా బడ్జెట్ సంగతీ చెప్పేవాడు, రాజీనామా సంగతీ చెప్పేవాడు. 1952లో షణ్ముఖం చెట్టి స్వతంత్ర అభ్యర్థిగా మద్రాసు శాసనసభకు గెలిచాడు. ఓటేసినవాళ్లు అంతా తెలిసే వేశారు. నాకు గౌరవం ఆ తెలివిడి మీద.

ముంద్రా వ్యవహారం నా బడి రోజుల్లోది. కొత్తగా పెట్టిన జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లు కోటి రూపాయలకు పైగా పెట్టి కొన్నది. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశాడు. ప్రధాని అల్లుడు ప్రధాని ప్రభుత్వాన్నే నిలదీశాడు. జస్టిస్ ఎం.సి. చాగ్లా బొంబాయిలో బహిరంగ విచారణ జరిపాడు. లోపల చోటు చాలక బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. సాక్షి ఏమన్నాడు, న్యాయవాది ఏమడిగాడు, అన్నీ పేపర్లలో వచ్చేవి. తన శాఖ కార్యదర్శి చేసిన పనికి మంత్రి బాధ్యత తప్పించుకోలేడని చాగ్లా తేల్చాడు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి దిగిపోయాడు. 1962లో ఆయన మళ్లీ కేంద్రమంత్రి అయినప్పుడు పడిప్పగంలో ఎవరూ కొత్తగా వివరించాల్సిన పని లేకపోయింది. ఆరోపణ, విచారణ, తీర్మానం, పదవీత్యాగం అన్నీ వరసగా చదివినవాళ్లే కాబట్టి, ఆయన్ని మళ్లీ తీసుకోవడం సబబా కాదా అని గట్టిగా వాదించుకున్నారు. వాదనకు ఆధారం అందరి దగ్గరా ఉండేది.

ఆ ఆధారమే ఇప్పుడు పోయింది. మా ఇంట్లో తమిళ చానెళ్లూ వస్తాయి, తెలుగు చానెళ్లూ వస్తాయి. ఆంధ్రలో మాకు ఓటు లేదు, ఏ పార్టీ జెండా మోసిందీ లేదు. 2012 మేలో జగన్మోహన్ రెడ్డి అరెస్టయినప్పుడు, 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు అరెస్టయినప్పుడు ఇక్కడ కూర్చుని చూశాం. ఒక చానెల్లో దొంగ అన్న మనిషే పక్క చానెల్లో దేవుడు. మనిషి మారితే చానెళ్లు పాత్రలు మార్చుకున్నాయి. అభియోగపత్రంలో ఏముంది, కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉందని ఓపిగ్గా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

పి.వి. నరసింహారావు సంగతి తలచుకుంటే నా కడుపు తరుక్కుపోతుంది. 1991లో ఆయన ప్రధాని అయితే, తెలుగునాట అడుగు పెట్టని మా ముసలమ్మలు కూడా మన మాట మాట్లాడేవాడని మురిసిపోయారు. 2000 సెప్టెంబరులో జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల లంచం కేసులో ప్రత్యేక కోర్టు ఆయన్ని దోషి అన్నది. మేం తెప్పించుకునే పేపరులో ఆ వార్త మొదటి పేజీ నిండా వచ్చింది. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ శిక్ష కొట్టేస్తే లోపలి పేజీలో వెతుక్కోవాల్సొచ్చింది. 2003 డిసెంబరులో లఖూభాయ్ పాఠక్ మోసం కేసులోనూ నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తర్వాత ఏడాదికే పోయాడు. 2024లో భారతరత్న ఇచ్చినప్పుడు నేను చూసిన చానెళ్లలో పొగడ్తలే తప్ప కేసుల ఊసే లేదు. దోషి అన్న సంగతీ చెప్పలేదు, నిర్దోషి అన్న సంగతీ చెప్పలేదు. అంత పెద్ద జీవితాన్ని సగం చెరిపేయడం ఆయనకు గౌరవం ఎలా అవుతుంది?

మా పక్కనే నీలగిరి నియోజకవర్గం. మేట్టుపాళయం, అవినాశి అందులోవే. అక్కడి ఎంపీ ఎ. రాజా 2జీ స్పెక్ట్రం కేటాయింపుల కేసులో 2011 ఫిబ్రవరిలో అరెస్టయ్యాడు. లక్షా డెబ్బై ఆరు వేల కోట్ల నష్టమన్న అంకె చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చింది. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు జడ్జి ఓ.పి. సైనీ నిందితులందర్నీ విడిచిపెట్టాడు. రుజువు తెస్తారని ఏళ్ల తరబడి ఎదురుచూశాను, ఎవరూ తేలేదని తీర్పులో వాపోయాడు. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సీబీఐ అప్పీలును విచారణకు తీసుకుంది. 2జీ అనగానే అంకె చెప్పేవాళ్లు నాకు రోజూ కనబడతారు. లైసెన్సుల రద్దు, విడుదల, అప్పీలు మూడూ చెప్పగలిగినవాళ్లు అరుదు.

మధురలో ఇంకా ఘోరం. నాయక రాజుల కాలంనుంచీ మావాళ్లున్న ఊరది. కరుణానిధి తర్వాత ఎవరన్న అభిప్రాయ సేకరణ వేసినందుకు 2007 మే 9న దినకరన్ పత్రిక ఆఫీసును తగలబెట్టారు. ముగ్గురు ఉద్యోగులు చచ్చిపోయారు. మరుసటేడు చివర్లో కరుణానిధి కుటుంబం, పత్రిక యజమానుల కుటుంబం రాజీపడ్డాయి. సాక్షులు ఎదురుతిరిగారు, 2009లో కింది కోర్టు అందర్నీ వదిలేసింది. 2019 మార్చిలో మద్రాసు హైకోర్టు మధుర బెంచి తొమ్మిదిమందికి యావజ్జీవం వేసింది. ఆ తీర్పు సంగతి మా చుట్టాల పిల్లల్ని అడిగితే, అదే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు, తెలియదన్నారు. పిల్లల్ని ఏమనను? పత్రికా ఉద్యోగుల చావునే పత్రికాలోకం ప్రజలకు గుర్తుచేయకపోతే ఇంకెవరు చేస్తారు?

2018లో సుప్రీంకోర్టు అభ్యర్థులు తమ క్రిమినల్ కేసుల్ని పేపర్లలో ప్రకటించాలని చెప్పింది. ఇప్పుడవి భూతద్దం పెట్టి చూస్తేగాని కనబడని అక్షరాల్లో, డబ్బు కట్టిన ప్రకటనలుగా వస్తున్నాయి. విలేకరి తవ్వి రాయాల్సిన వార్తను నిందితుడి చేతే అచ్చేయించుకునే రోజులొచ్చాయి.

పత్రికల్లో చేరే మన పిల్లలకు చెబుతున్నాను. కేసున్న నాయకుడి పేరు రాసిన ప్రతిసారీ, కోర్టు చివరిగా ఏమన్నదో ఒక్క వాక్యం కలపండి. అరెస్టు వార్త ఏ పేజీలో వేశారో తీర్పూ ఆ పేజీలోనే వేయండి, అది మీ యజమానికి నచ్చినా నచ్చకపోయినా. క్షమించాలో శిక్షించాలో ఓటరు చూసుకుంటాడు. షణ్ముఖం చెట్టికి ఓటేసిన మా పెద్దలు అలాగే చూసుకున్నారు.