మూడ్‌రావు గారి వాతావరణం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఏ గల్లీలోకి తిరిగినా ఒక మూడ్‌రావు తగులుతాడు. ఎప్పుడో సూర్యాపేట నుంచి వచ్చి స్థిరపడ్డ, యాభై దాటిన మనిషి. చెడ్డవాడు కాదు. తాగడు, అప్పులు చేయడు, ఈఎంఐ తప్పడు. ఉన్నదల్లా ఒక మూడ్. దాన్ని మాత్రం ఒక్కడే అనుభవించడు, ఇంటిల్లిపాదికీ పంచుతాడు.

బేగంపేటలోని వాతావరణ కేంద్రం జనానికి ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్టులిస్తుంది. ఈ ఇంట్లో ఆ పని స్టీలు గ్లాసు చేస్తుంది. పొద్దున టీ తాగి గ్లాసును మెల్లగా పెడితే ఫీజు సంగతి ఎత్తవచ్చు. ‘ఠక్’మంటే టీవీ సౌండు తగ్గాలి. ‘ఠంగ్’మంటే సంతకం కోసం బయటికి తీసిన ప్రోగ్రెస్ రిపోర్టు తిరిగి బ్యాగులోకి పోతుంది. పనమ్మాయి హాలు జోలికి రాకుండా ముందు బాల్కనీ ఊడుస్తుంది.

“ఏమైంది?” అని భార్య అడుగుతుంది.

“ఏం లే.”

ఏమీ లేదని నమ్మి ఆమె తన పనిలో పడిందా, “ఈ ఇంట్ల నన్ను పట్టించుకునేటోళ్లెవరు!” అంటాడు. రెండోసారి అడిగిందా, “ఒక్కసారి చెప్తే సమజ్ కాదా?” అంటాడు. ఆయన మూడ్ ఆయన సొంతం, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. అయినా అందరూ దాన్ని కనిపెట్టి మసలుకోవాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు దొరికిన ఉపాయం ఒకటే, ఏమీ అడక్కుండా రెండో టీ పెట్టడం.

కారణాలకు కొదవ లేదు. ఒకప్పుడు మలక్‌పేట ట్రాఫిక్ ఆయన మూడ్ పాడుచేసేది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. ఆ ఇంటివాళ్ళు పటాసులు కాల్చడమే తక్కువ. నెల తిరక్కముందే కొత్త కారణం దొరికింది. రైలు ఎల్బీనగర్‌లో బయల్దేరుతుంది కాబట్టి అక్కడివాళ్ళే సీట్లు పట్టేస్తారు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి వేలాడే పట్టీలే మిగులుతాయి. ‘ఎల్బీనగర్‌లో కొనుక్కో బావా’ అని బావమరిది చెప్పిన రోజుల్లో విననిది తనేనని ఆయనకు గుర్తురాదు. అమీర్‌పేట దాకా నిలబడి వెళ్ళిన కోపం సాయంత్రం ఇంటికొచ్చి భార్య మీద కూర్చుంటుంది.

గురువారం సాయిబాబా గుడి. దర్శనమయ్యేదాకా శాంతమూర్తే. బయటికొచ్చాక చెప్పుల దగ్గరి అవ్వ ఆయన జోడు వెతకడానికి కాస్త తడుముకుందా, అప్పటిదాకా కూడబెట్టిన పుణ్యమంతా అక్కడే ఖర్చు. కారు వెనక అద్దం మీద ‘శ్రద్ధ – సబూరి’ అని స్టిక్కరు. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దగ్గర ముందున్న ఆటో నెమ్మదిస్తే అందరికన్నా ముందు హారన్ కొట్టేది ఆ కారే. శ్రద్ధగానే కొడుతుంది.

ఎదుటివాళ్ళ మొహాన్నీ గొంతునూ మనకు తెలియకుండానే అనుకరిస్తామనీ, దాంతోపాటే వాళ్ళ భావాలూ మనకు అంటుకుంటాయనీ హాట్‌ఫీల్డ్, కాసియోపో, రాప్సన్ అనే ముగ్గురు అమెరికన్ ఆచార్యులు 1994లో ఒక పుస్తకమే రాశారు. అంతదూరం ఎందుకు, ఈ గల్లీకి వస్తే కళ్ళారా చూడవచ్చు. మూడ్‌రావు వాచ్‌మన్‌ని కసురుతాడు. వాచ్‌మన్ నీళ్ళ క్యాన్ల కుర్రాణ్ణి కసురుతాడు. వాడు వెళ్ళి టిఫిన్ బండి అతనితో గొడవపడతాడు. తొమ్మిదిన్నరకల్లా హాస్టల్ పిల్లలకు రెండోసారి చట్నీ బంద్. గ్రూప్స్ కోచింగ్‌కొచ్చిన పిల్లలు. రాజ్యాంగంలోని అధికరణాలన్నీ కంఠతా వచ్చు, చట్నీ ఎందుకు ఆగిందో మాత్రం అంతు చిక్కదు.

చిత్రమేమిటంటే ఈ మూడ్ కిందికే పారుతుంది, పైకి ఎక్కదు. రెడ్ అలర్టు నడుస్తుండగా మేనేజరు ఫోను వస్తుంది. “సార్... చెప్పండి సార్... అయ్యో, డిస్టర్బెన్స్ ఏముంది సార్!” ఆ గొంతు విని పనమ్మాయి కొత్తవాళ్ళెవరో వచ్చారనుకుని తొంగిచూస్తుంది. ఫోను పెట్టేయగానే “ఉప్మాల ఉప్పేది?” అని కేక. వియ్యంకుడి ముందు, హోంలోను ఆఫీసరు ముందు ఎప్పుడూ ఆకాశం నిర్మలమే. ‘నా చేతుల్లో లేదు’ అంటాడు గానీ, నన్నడిగితే పూర్తిగా ఆయన చేతుల్లోనే ఉంది. ఎవరి దగ్గర వదలాలో, ఎవరి దగ్గర బిగబట్టాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

పెళ్ళిళ్ళ సీజన్‌లో చీరల షాపులో చూడాలి ఆయన్ని. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న అమ్మాయి చీర మీద చీర విప్పి పరుస్తూ నవ్వుతూనే ఉండాలి. అలాంటి నవ్వు కూడా చాకిరీయేనని ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త 1983లో ‘ద మేనేజ్డ్ హార్ట్’ పుస్తకంలో ఎయిర్‌హోస్టెస్‌లను చూపించి మరీ రాసింది. మూడ్‌రావు లెక్క వేరు. చీర కొన్నవాడికి చిరాకుపడే హక్కు ఫ్రీ.

ఈ మధ్య యూట్యూబ్‌లో ఎవరో అంటుంటే విన్నాడు, మన మూడ్‌కి మనదే బాధ్యత, బాగాలేనప్పుడు ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పాలి అని. మొదటి మాట చెవిన పడేలోపు యాడ్ వచ్చింది కాబోలు, రెండోదే పట్టుకున్నాడు. మర్నాడు ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్: ‘ఈ రోజు నా మూడ్ బాగాలేదు. మీ తప్పు కాదు.’ భార్య రెండుసార్లు చదువుకుని, మరి ఎవరి తప్పని మధ్యాహ్నం దాకా దిగులుపడింది. రాత్రి చారు దగ్గర యథాప్రకారం కేకలు. ఏమిటిదని అడిగితే, “పొద్దుగాలనే మెసేజ్ పెట్టిన కదా!” చెప్పాక ఇక తన పూచీ లేదన్నమాట.

మూడోరోజు అదే గ్రూపులో చిన్నకూతురు రాసింది: ‘డాడీ, ఇయ్యాల నాకు గూడ మూడ్ బాగలేదు. కెమిస్ట్రీ టెస్టుంది. నేనెవరి మీద అరవాలె?’

దాని కింద తల్లి జవాబు: ‘లైన్ల నిలబడు బిడ్డా. నీకన్న ముందు నేనున్న.’