చదవకుండానే నొక్కుతున్నారు

మొన్న ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ జిరాక్స్ సెంటర్ పెట్టుకున్న పిల్లగాడు, కామారెడ్డిలో నా దగ్గరే కంప్యూటర్ నేర్చుకున్నవాడు. "కాకా, ఉబుంటు 20.04ను 22.04 చేసిన. షేర్ ఫోల్డర్ ఒక్క సిస్టమ్‌ల గూడ కనిపిస్తలేదు" అన్నాడు. దుకాణం ముందు జనం నిలబడి ఉన్నారట.

"బ్యాకప్ తీసినవా తమ్మీ?" అంటే సప్పుడు లేదు. "నడుమ ఏమన్న అడిగిందా?" అంటే, "ఏదో అడిగింది కాకా, ఓకే కొట్టిన" అన్నాడు.

నా కోపమంతా ఆ 'ఏదో' మీదే. అప్‌గ్రేడ్ మధ్యలో సిస్టమ్ ఆగి ఒక మాట అడుగుతుంది. ఈ సెట్టింగుల ఫైలును నువ్వు మార్చుకున్నావు, కొత్త వెర్షన్‌తో ఇంకో ఫైలు వచ్చింది, నీది ఉంచనా, కొత్తది పెట్టనా అని. వాడు మూడేళ్ల కింద ఫోల్డర్లు పంచుకునే సాంబా ప్రోగ్రామ్ ఫైలులో ఫోల్డర్ల పేర్లు, పాస్‌వర్డ్ నియమాలు సొంతంగా రాసుకున్నాడు. కొత్తదానికి ఓకే అన్నాడు. రాసుకున్నదంతా పక్కకు పోయింది. తప్పు లైనక్స్‌ది కాదు, అది మర్యాదగా అడిగింది.

మా రోజుల్లో అప్‌గ్రేడ్ అంటే వారం ముందునుంచి పని. 2003లో రెడ్‌హ్యాట్ 8 నుంచి 9కి మారాలనుకున్నాం. దానికి మూడు సీడీలు కావాలి. డయల్ అప్ మోడెమ్ మీద ఒక సీడీ దింపాలంటే, లైన్ ఒక్కసారి కూడా తెగకపోతే, ఒకటిన్నర రోజు పడుతుంది. లైన్ తెగకుండా ఎప్పుడుంది? అందుకే పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగి కాపీలు తెచ్చుకున్నాం. సాయంత్రం బండికి కామారెడ్డిలో దిగేసరికి సీడీల మీద గీతలు పడ్డాయేమోనని స్టేషన్ లైటు కిందే తిప్పి తిప్పి చూసుకున్నాం.

ఆ తర్వాత లాంగ్ నోట్‌బుక్ తీసేవాళ్లం. డిస్కులో ఏ పార్టిషన్ ఎంత, ఏది ఎక్కడ మౌంట్ చేసి ఉంది, మోడెమ్ ఏ పోర్టు మీద ఉంది, మానిటర్ రిఫ్రెష్ రేటు ఎంత, అన్నీ పెన్నుతో రాసుకోవాల్సిందే. మనం రాసుకున్న సెట్టింగు ఫైళ్లను ఫ్లాపీలోకి, పిల్లల పనిని సీడీలోకి కాపీ చేసేవాళ్లం. కాపీ చేసి ఊరుకోలేదు, వేరే సిస్టమ్‌లో పెట్టి తెరిచి చూసేవాళ్లం. హోమ్ డైరెక్టరీకి వేరే పార్టిషన్ ఇవ్వడం అప్పటి అలవాటు. సిస్టమ్ మొత్తం పోయినా ఫైళ్లు చెక్కుచెదరవు. ఇప్పుడు ఆ పద్ధతి చెప్తే "అవసరమా కాకా" అంటున్నారు. అవసరమే.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. ఎండాకాలం కోతలు ఎట్లుండేవో ఈ జిల్లా వాళ్లకు తెలుసు. ప్యాకేజీలు సగం మారాక కరెంటు పోతే కొత్తదీ పాతదీ కలిసిపోయి సిస్టమ్ లేవనే లేవదు. అందుకని రాత్రి కోత అయిపోయాక, పది దాటినంక మొదలుపెట్టేవాళ్లం. రెండో సీడీ అడిగినప్పుడు మెలకువగా ఉండటానికి ఒకరి తర్వాత ఒకరు కూర్చునేవాళ్లం.

అంత కష్టపడి రెడ్‌హ్యాట్ 9 ఎక్కిస్తే, 2004 ఏప్రిల్ 30తో దానికి మద్దతు ఆపేశారు. ఫెడోరాకు మారండి అన్నారు. చాలా బాధపడ్డాం. కానీ మళ్లీ నోట్‌బుక్ తెరిచాం. ఆ తర్వాత ఉబుంటు వాళ్లు పైసా తీసుకోకుండా పోస్టులో సీడీలు పంపడం మొదలుపెట్టారు. 2011 దాకా పంపారు. ఒక కవర్ వస్తే ముందు ఒక్క సిస్టమ్‌లోనే ఎక్కించి, వారం వాడి, బాగుందంటేనే ఆ సీడీని ఎల్లారెడ్డికి పంపేవాళ్లం. దెబ్బ తగిలితే ఒక్కరికే తగిలేది. మిగతావాళ్లకు ముందే కబురు పోయేది.

అప్పటికంటే ఇప్పుడు బాగైనవి లేవని అనను. అప్పట్లో తెరమీద తెలుగు ఒత్తులు ఒకచోట, అక్షరం ఒకచోట పడేవి. మన స్వేచ్ఛ సంస్థ వాళ్లూ, ఎక్కడెక్కడో కూర్చుని అనువాదాలు చేసిన తెలుగువాళ్లూ ఏళ్ల తరబడి చేసిన పని వల్ల ఈరోజు ఫాంట్ వెతక్కుండానే తెలుగు చదువుతున్నాం. జీతం లేకుండా చేసినవాళ్లు ఎందరో ఉన్నారు అందులో. తర్వాతి వెర్షన్‌లోనూ తెలుగు సరిగా రావాలంటే ఎవరో ఒకరు ఆ పని చేస్తూనే ఉండాలి.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. పాత 32 బిట్ కంప్యూటర్లకు ప్రాణం పోసింది లైనక్సే. అలాంటి సిస్టమ్‌లో ఉబుంటు 18.04 ఉంటే 20.04కు మారే దారి లేదు. డెబియన్ చాలాకాలం ఆదుకుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో అది కూడా 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. వాటిని చూసుకునే మనుషులు తగ్గిపోయారు, నిజమే. అయినా మా దగ్గర మూలన పడ్డ ఆ డబ్బాల్లో ఇంకా పనిచేసేవి ఉన్నాయి, వాటిని పారేయడం నాకు తప్పుగానే కనిపిస్తుంది.

చదవకుండా ఓకే కొట్టే తొందర మంచిది కాదనడానికి దూరం పోనక్కర్లేదు. 2024 ఆగస్టు ఆఖరులో ఉబుంటు 24.04.1 వచ్చాక 22.04 వాళ్లకు అప్‌గ్రేడ్ దారి తెరిచారు. అప్‌గ్రేడ్ చేసే సాధనంలోనే పెద్ద లోపం బయటపడి కొద్దిరోజుల్లోనే మళ్లీ మూసేశారు. చేసినవాళ్లే ఆగి చూసుకున్నప్పుడు, ఒకే సిస్టమ్ మీద దుకాణం నడుపుకునే మనం ఆగకపోతే ఎట్లా?

మర్నాడు పొద్దున లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయాను. సాంబా ఫోల్డర్ తెరిస్తే, చివరన 'ఓల్డ్' అన్న మాటతో వాడి పాత ఫైలు అక్కడే ఉంది. సిస్టమ్ దాన్ని చెరిపేయలేదు, పక్కన దాచిపెట్టింది. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి, వాడి చేతనే ఒక్కో వరుస చదివించి, వాడి చేతనే రాయించాను. పావుగంటలో ఫోల్డర్లు వచ్చాయి. బయటినుంచి తెచ్చుకున్న రిపాజిటరీలను అప్‌గ్రేడ్ ఆపేస్తుందని కూడా అప్పుడే వాడికి తెలిసింది. వాటిని ఒక్కొక్కటీ చూసి అవసరమైనవే తెరిచాం.

ఉబుంటు 22.04కు 2027 దాకా మామూలు మద్దతు ఉంది. అది వాడుతున్న కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లలందరినీ ఒకటే అడుగుతున్నాను. ఈ నెల ఒక బయటి హార్డ్ డిస్క్ కొనండి. ఫైళ్లన్నీ దాంట్లోకి కాపీ చేసి, ఇంకో సిస్టమ్‌లో తెరిచి చూడండి. అప్‌గ్రేడ్ చేసేముందు కొత్త వెర్షన్ విడుదల నోట్స్ మొదటినుంచి చివరిదాకా చదవండి. అర్థంకాని ప్రశ్న వస్తే ఎంటర్ మీద వేలు పెట్టకుండా నాకు ఫోన్ చేయండి. రాత్రి పదైనా ఎత్తుతాను.