జంతికకు మందుల చీటీ

చిరుతిండి తినేవాళ్లు మన మధ్య దాదాపు అంతరించిపోయారు. మిగిలినవాళ్లంతా పోషకాలు తీసుకునేవాళ్లే.

పదకొండింటికి ఆఫీసు సొరుగు లాగి గుప్పెడు జీడిపప్పు నోట్లో వేసుకునే పెద్దమనిషిని పలకరించి చూడండి. ‘ఆకలేసిందాండీ?’ అంటే నొచ్చుకుంటాడు. ‘గుడ్ ఫ్యాట్స్’ అంటాడు. మూడింటికి తినే ఖర్జూరం ఐరన్. నాలుగింటికి టీలో ముంచే రాగి బిస్కెట్ కాల్షియం. సాయంత్రం నేతిలో వేయించిన మఖానా ప్రోటీను. పొద్దుటి నుంచి దవడ ఆగదు, కానీ ఏదో తిన్న దాఖలా ఎక్కడా ఉండదు. రాత్రి కంచం ముందు కూర్చుని ‘ఈమధ్య ఏవీ తినబుద్ధి కావట్లేదు’ అని వాపోతాడు. ఇంట్లోవాళ్లు కంగారుపడి, నీరసం రాకుండా ఓ డబ్బా సున్నుండలు చేసి పెడతారు. అవి మినుములు కాబట్టి బలం.

తినడం మీద నాకేమీ పేచీ లేదు. రుచిగా ఉంది కాబట్టి తింటున్నాను అనే ఒక్క ముక్క బయటికి రావడానికి ఇంత సిగ్గెందుకన్నదే నా గొడవ.

ఈ సిగ్గును కనిపెట్టి దాని మీద మేడలు కట్టినవాళ్లున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ప్రతిపాదించింది మనమే. వానాధారపు పొలం రైతుకు నాలుగు డబ్బులు రావాలి, మన కంచంలోకి జొన్న, కొర్ర తిరిగి రావాలి అన్నది ఉద్దేశం. కంచందాకా ఎన్ని వచ్చాయో గానీ మూకుట్లోకి మాత్రం దండిగా దిగాయి. కొర్రల మురుకులు, సామల చెక్కలు, జొన్న కారప్పూస. బియ్యప్పిండయితే నూనె పీల్చుకుంటుందట, కొర్రపిండయితే మొహమాటపడి ఊరుకుంటుందట! పొట్లం మీద పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకూ వరసలో రాయాలని నిబంధన. ఎప్పుడైనా తీరిగ్గా తిప్పి చదవండి. ముందువైపు బొమ్మలో కంకులు విరగకాసిన కొర్ర, వెనకవైపు బియ్యప్పిండి, శనగపిండి, పామాయిల్ దాటాక ఎక్కడో బిక్కుబిక్కుమంటూ కనిపించే సందర్భాలు తక్కువేం కాదు.

‘జీరో కొలెస్ట్రాల్’ అన్నది మరీ ముచ్చటైన ప్రకటన. కొలెస్ట్రాల్ ఉండేది మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి లాంటి జంతు సంబంధమైన వాటిలో. శనగపిండిలో, వేరుశనగ నూనెలో చెప్పుకోవడానికి అదెన్నడూ లేదు. ఆ లెక్కన బజ్జీల బండి మీద కూడా ఈ బోర్డు తగిలించుకోవచ్చు, ఒక్క అక్షరం అబద్ధం కాదు. దీనికి తోబుట్టువు ‘చక్కెర లేదు, బెల్లంతో చేసినది’. బెల్లంలో సింహభాగం సుక్రోజే, అంటే చక్కెరే. కాస్త రంగు, కాస్త ఇనుము, ఎక్కువగా మన అమ్మమ్మల మీది గౌరవం కలుస్తాయి. ఆ గౌరవానికే ధర రెట్టింపు.

ఇక సర్వింగ్ సైజు. వెనకవైపు పట్టికలో కిలోక్యాలరీలు నూటయాభై చిల్లర అని చూసి ఊపిరి పీల్చుకుంటాం. అది 30 గ్రాములకు. మన లేబుళ్లు రోజుకు 2,000 కిలోక్యాలరీలను కొలమానంగా పెట్టుకుంటాయి. 200 గ్రాముల కారప్పూస పొట్లం ఒక్కటి ఖాళీ చేస్తే అందులో సగం అక్కడే చెల్లు. పెళ్లిచూపుల్లో కూర్చున్న పెళ్లికొడుకు తప్ప 30 గ్రాముల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్న మనిషిని నేనెరగను.

శాస్త్రం కూడా అప్పు తెచ్చుకుంటారు. ‘కొంచెం కొంచెంగా ఆరుసార్లు తింటే మెటబాలిజం పరుగెడుతుంది’ అని ఒక పాఠం. తిన్నది అరిగించుకోవడానికి ఒంట్లో ఖర్చయ్యే శక్తి, ప్రధానంగా మొత్తం ఎంత, ఏం తిన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది గానీ ఎన్ని వాయిదాల్లో తిన్నామని కాదు. పైగా ఆరుసార్లలో ‘ఆరు’ అందరికీ గుర్తుంటుంది, ‘కొంచెం’ ఒక్కరికీ ఉండదు. వీళ్లే మరుసటి నెల పదహారు గంటల ఉపవాసంలోకి మారతారు. మిగతా ఎనిమిది గంటల్లో వాళ్ల దరిదాపులకు పోకండి. ఇంతమంది పొట్ట గురించి మాట్లాడేవాళ్లే, పళ్ల ఊసు ఎత్తేవాళ్లు లేరు. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరుగుతుందని, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట, ఆపైన కూడా పడుతుందని 1940ల్లోనే స్టీఫన్ అనే అమెరికన్ దంత పరిశోధకుడు కొలిచి చూపించాడు. గంటకో ఖర్జూరంతో ఐరన్ ఎక్కించుకునేవారు ఆ బిల్లు వేరే కుర్చీలో పడుకుని నోరు తెరిచి కడతారు.

వెనకటివాళ్లకు నిగ్రహం ఎక్కువని నేననను. వాళ్లను ఆపింది చాకిరీ. సంక్రాంతికి తెలంగాణలో సకినాలు చెయ్యాలంటే బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, పరిచిన గుడ్డ మీద ఒక్కొక్కటీ చేత్తో చుట్టాలి. అవి కాస్త ఆరేదాకా ఆగి అప్పుడు నూనెలో వెయ్యాలి. వాడకట్టులో ఆడవాళ్లంతా ఒకరింటికి ఒకరు సాయం వెళ్తేనే తెమిలేది. అలా నడుములు పడిపోయేలా చేసినదాన్ని ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చుని చూసుకోకుండా నమల్లేదు. డబ్బా అటకెక్కేది. పిల్లల కొలెస్ట్రాల్ కోసం కాదు, చుట్టాలొస్తే మిగలవని. ఇప్పుడు ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో గుమ్మంలో ఉంటాయి. చాకిరీ అనే కళ్లెం పోయింది. ఉన్న కాస్త మొహమాటాన్ని ‘హెల్దీ’ అనే ముద్ర తుడిచేసింది.

ప్రభుత్వం ఊరుకోలేదు, పాపం. ‘హెల్త్ డ్రింక్’ అనే మాటకు మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదని గుర్తుచేసి, 2024లో ఆన్‌లైన్ దుకాణాల్లో ఆ పేరు కిందున్న పానీయాలను అక్కణ్నుంచి తీయించింది. 2025లో ఆఫీసుల్లో నూనె, చక్కెర ఎంతెంత తింటున్నామో చెప్పే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ సలహా ఇస్తే, సమోసా, జిలేబీల మీద హెచ్చరికలట అంటూ దేశం గగ్గోలెత్తింది. అలాంటివేమీ లేవని ఢిల్లీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. న్యాయంగా చూస్తే సమోసాకే పరువు నష్టం. ఏనాడూ తను ఆరోగ్యమని చెప్పుకోని తిండి అది. కర్నూలులో ఉగ్గాణి పక్కన కూర్చునే మిరపకాయ బజ్జీ అయినా, తాపేశ్వరం మడత కాజా అయినా అంతే. ఏ కాజా మీదా ‘యాంటీ ఆక్సిడెంట్లు’ అన్న మాట నాకింకా కనబడలేదు. త్వరలో కనబడుతుందని భయం.

అందాకా జంతికల పొట్లం మీద రాయడానికి ఓ నమూనా నా దగ్గర సిద్ధంగా ఉంది, ఏ కంపెనీ అయినా ఉచితంగా వాడుకోవచ్చు. పదార్థాలు: బియ్యప్పిండి, శనగపిండి, వాము, కారం, ఉప్పు, నూనె బాగానే. ఉపయోగం: కరకరలాడతాయి. సర్వింగ్ సైజు: డబ్బా అడుగు కనిపించేదాకా.