ఓడెక్కి వచ్చిన పాటకు పాపం అంటదు

దేవుని స్తుతి కోసం కాక వినోదం కోసమో, ప్రేమ కోసమో కట్టిన పాటలను, వాటిలోనూ ముఖ్యంగా సినిమా పాటలను, తెలుగు క్రైస్తవ సంఘాలలో ‘లోక పాటలు’ అంటారు. విశ్వాసి వాటిని వినవచ్చునా అన్న ప్రశ్నకు యువజన కూటాలలో ఏటేటా కూడదనే జవాబు చెబుతున్నారు. ఏటేటా చెప్పవలసి వస్తోందంటేనే ఆ జవాబు ఎంత పనిచేసిందో తెలుస్తోంది. లోకాన్ని ప్రేమించవద్దని యోహాను మొదటి పత్రిక రెండవ అధ్యాయం హెచ్చరించింది గాని లోకపు సరిహద్దు రాళ్లు ఎక్కడ పాతాలో చెప్పలేదు గనుక ఆ సర్వే పని సంఘపెద్దల మీద పడింది. వారు కొలిచిన తీరును పరిశీలిస్తే ఒక సూత్రం బయటపడుతుంది: పాట ఎంత దూరం నుంచి వస్తే అంత పవిత్రం.

ఈ సూత్రానికి తిరుగులేని నిదర్శనం మందిరంలో జరిగే పెళ్లి. ముసుగు వేసుకున్న పెళ్లికూతురు అడుగులో అడుగు వేస్తూ వచ్చేటప్పుడు కీబోర్డు మీద పలికే వరుస, జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రాసిన ‘లోహెంగ్రిన్’ అనే ఆపెరాలోనిది. ఆపెరా అంటే మాటలు కూడా పాటగానే సాగే నాటకం. 1850లో తొలిసారి రంగస్థలం ఎక్కిన ఆ నాటకంలో, ఇదే పాటతో పడకగదికి సాగనంపిన జంట కాపురం ఆ రాత్రే చెడిపోతుంది, కథ ముగిసేసరికి పెళ్లికూతురు ప్రాణమే పోతుంది. ఇంతటి శుభశకునంతో లోపలికి వచ్చిన జంటను బయటికి పంపేటప్పుడు వాయించేది, షేక్స్‌పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకం కోసం మెండెల్సన్ 1842లో కూర్చిన వరుస; అందులో వనదేవతలు, వశీకరణ రసం, గాడిద తల మొలిచిన నేతగాడు ఉన్నారు. దీనికి అభ్యంతరం చెప్పని పెద్దలు, అదే కీబోర్డు మీద ఘంటసాల పాడిన ప్రేమపాట ఒక్క చరణం పలికితే మాత్రం ప్రార్థన ఆపి వాయించేవాడి వైపు చూస్తారు.

క్రిస్మస్ కార్యక్రమంలో పిల్లలు తప్పకుండా పాడే ‘జింగిల్ బెల్స్’ సంగతీ అంతే. 1857లో అమెరికాలో జేమ్స్ పియర్‌పాంట్ ప్రచురించిన ఆ పాటలో క్రీస్తు లేడు, క్రిస్మస్ లేదు. ఉన్నవి మంచు మీద జారే గుర్రపు బండి, పక్కన ఒక అమ్మాయి, పందెపు వేగం. అమ్మాయిని బండెక్కించుకుని షికారుకు వెళ్లే పాట తెలుగులో ఉంటే దానిని ఏ జాబితాలో చేర్చేవారో చెప్పనక్కరలేదు. దూరాన్ని మైళ్లలోనే కాక ఏళ్లలోనూ కొలుస్తారు. ముళ్లకిరీటం ధరించిన క్రీస్తు శిరస్సును ధ్యానించే ప్రసిద్ధ కీర్తన వరుస 1601లో హాన్స్ లియో హాస్లర్ ప్రచురించిన ప్రేమగీతానిది. ఒక కన్య మీద మనసుపడి మతి చెదిరినవాడి గోడు, కొన్ని దశాబ్దాలకే సిలువ ధ్యానమై, ఆ తరువాత సంగీతకర్త బాఖ్ చేతిలో మహాగంభీరమైంది. పాపికి పశ్చాత్తాపం కావాలి, వరుసకు పాతబడితే చాలు.

తెలుగునాట 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలకు ఈ రెండో రకం దూరం ఇప్పటికే దక్కింది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. గుడిలో కృతులకూ, శృంగారాన్ని పాడే జావళీలకూ ఆధారమైన కర్ణాటక సంగీతమే వాటికీ ఆధారం. 1978 నాటి ‘కరుణామయుడు’ చిత్రం కోసం మోదుకూరి జాన్సన్ రాయగా బాలసుబ్రహ్మణ్యం పాడిన సిలువయాత్ర పాటను నేడు శుభ శుక్రవారం ఆరాధనలో కన్నీళ్లతో పాడుతున్నారు. అది సినిమా పాటేనని అప్పుడు గుర్తుచేయడం మర్యాద కాదు. ఆ గాయకుడే క్రైస్తవ గీతాలూ, వేలకొద్దీ సినిమా పాటలూ పాడాడు గనుక, ఒకే గొంతు విశ్వాసి ఇంట్లో ఉదయం రక్షింపబడి సాయంత్రం పడిపోతూ ఉంటుంది.

ఈ నిషేధాలలో డప్పు మీది నిషేధానికి మాత్రం గట్టి కారణం ఉండేది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరిన తరువాత, ఆ ప్రాంతంలో క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టబోమన్నారు. కులాన్ని బట్టి నెత్తిన పడిన ఆ చాకిరీని కాదన్నందుకు ఊరి పెత్తందార్ల ఆగ్రహానికి గురైనా వెనక్కి తగ్గలేదు. దానిని వెక్కిరించే హక్కు ఏ వ్యంగ్యానికీ లేదు. అయితే మనవల కాలానికి కారణం మరుగున పడి నిషేధం మిగిలింది. చాలాచోట్ల డప్పు మందిరం గుమ్మం బయటే ఆగిపోగా, విదేశీ డ్రమ్ సెట్టు వేదిక ఎక్కి కూర్చుంది.

ఇంకా నిష్ఠగా ఉండదలచినవారికి చిక్కులు తప్పవు. ఆదికాండము నాలుగవ అధ్యాయం ప్రకారం వాద్యకారులందరికీ మూలపురుషుడైన యూబాలు, తమ్ముణ్ని చంపిన కయీను వంశంవాడు. ఆ లెక్కన గిటారుకు కూడా వంశదోషం ఉంది. అగస్టీను అనే సంఘపిత క్రీ.శ. 400 ప్రాంతంలో తన ‘ఒప్పుకోళ్లు’ గ్రంథంలో, మందిరంలో పాడే కీర్తన మాధుర్యమే తనను భావం కంటే ఎక్కువగా కదిలిస్తున్నందుకు బాధపడ్డాడు. ఆయన బాధను నేటి పెద్దలకు అంటగట్టడం అన్యాయం, వారి మైకు సెట్టు మాధుర్యానికి అంత అవకాశం ఇవ్వదు. వారిని నిజంగా ఇరకాటంలో పెట్టేది పెళ్లి విందు: ఆరాధన ముగిసి, బంతులు సాగుతూ, షామియానా అవతల ఎవరో సినిమా పాట పెట్టినప్పుడు చెవులు మూసుకోవడానికి రెండు చేతులు కావాలి, కుడిచెయ్యి బిర్యానీలో ఉంటుంది. ఒక్క చెవితో విన్న పాట పూర్తి పాపమా, సగమా అన్న విషయంలో సంఘం ఇంకా తీర్పు చెప్పలేదు.