ముహూర్తం తప్పినా ఫర్వాలేదు, మీటరు చూడకుండా కదలొద్దు

నందపూర్ నుంచి బండి మీద ఎక్కడికి బయల్దేరినా, సిమిలిగుడ సంతకైనా, పాడువా వైపు చుట్టాలింటికైనా, ముందు బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టండి. దేవుడికి దణ్ణం ఆ తర్వాత. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

బండి స్టార్టవకపోతే మన వైపు అందరూ చెప్పేది ఒకటే: బ్యాటరీ పోయింది, మార్చెయ్. నేనూ విన్నాను. ఏడాది తిరక్కుండా రెండు బ్యాటరీలు కొన్నాను. ఒకటి ఉబ్బిపోయింది, రెండోది ఎండిపోయింది. రెండుసార్లూ అమ్మినవాడు పాతదాన్ని తిట్టాడే తప్ప, బ్యాటరీకి తిండి పెట్టే డబ్బాకేసి ఒక్కసారి చూడలేదు. సీటు కిందో, ఫ్రేము పక్కనో, అల్యూమినియం రెక్కలతో అరచేతిలో పట్టేంత ఉంటుందది. దాని పేరు రెగ్యులేటర్ రెక్టిఫైయర్. ఆ పేరు పలకడం రాని మనిషికి నా బండి తాళం ఇవ్వను, మీరూ ఇవ్వకండి.

అదేం చేస్తుందో తెలియాలంటే మాచ్‌ఖండ్ గుర్తు చేసుకోండి. 1955 నుంచి కరెంటు ఇస్తున్న కేంద్రం, మనకు దగ్గర్లోదే. అక్కడ వాడకం తగ్గితే టర్బైను మీదికి వెళ్లే నీళ్లు తగ్గిస్తారు. బండిలో ఆ వీలు లేదు. ఇంజనుతో పాటే అయస్కాంతాలు తిరుగుతాయి, వాటి మధ్య స్టేటరు చుట్టల్లో కరెంటు పుడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పితే వోల్టేజి అంత పైకి పోతుంది. అయస్కాంతాన్ని కాస్త తగ్గమని ఎవరూ చెప్పలేరు. పైగా అక్కడ పుట్టేది ఏసీ, బ్యాటరీ తాగేది డీసీ.

రెక్టిఫైయర్‌లోని డయోడ్లు ఏసీని డీసీగా మారుస్తాయి. రెగ్యులేటర్ పని చెరువుకు అలుగు పని. వోల్టేజి 14, 14.5 దగ్గరికి రాగానే లోపలి థైరిస్టర్లు తెరుచుకుని, మిగులు కరెంటును బ్యాటరీకి పోనివ్వకుండా స్టేటరులోకే తిప్పేస్తాయి. అలా తిప్పడంలో వేడి పుడుతుంది. రెక్కలున్నది ఆ వేడిని గాలికి ఇవ్వడానికే. అందుకని పగలు లైటు ఆపితే డబ్బాకు విశ్రాంతి అనుకోవద్దు. బల్బు తినని కరెంటును కూడా అదే మోయాలి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్నారు కదా, దాన్ని ఆపడానికి స్విచ్చు పెట్టించుకునే పని పెట్టుకోకండి. కొన్ని ఖరీదైన బళ్లలో సిరీస్ రకం రెగ్యులేటర్ ఉంటుంది, దాని లెక్క వేరు.

మన వానలకు భయపడి రెక్టిఫైయర్‌కు పాలిథిన్ సంచి చుట్టినవాళ్లను చూశాను. జ్వరమొచ్చిన బిడ్డకు కంబళి కప్పినట్టే అది. సంచి ఇప్పుడే చింపేయండి. ఎర్రమట్టి రెక్కల మధ్య గట్టిపడితే పళ్లు తోమే పాత బ్రష్షుతో వారానికోసారి తోమండి. ముందు మీ పళ్లా, దాని రెక్కలా అని ఎవరైనా అడిగితే, రెక్కలే అంటాను. దేవమాలి కొండ మంచులో దారి కనపడదని నాలుగు ఫాగ్‌లైట్లు బిగించేవాళ్లకు ఒక్క మాట: ఘాటులో బండి నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు స్టేటరు ఇచ్చేదే తక్కువ, మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది.

చెడుతున్న గుర్తులు చెప్తాను. ఐడిల్‌లో లైటు మసగ్గా ఉంటుంది, హారన్ గొంతు మారుతుంది, సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఆగిపోతుంది. అది తిండి చాలని లక్షణం. బల్బులు వరసగా మాడిపోతున్నా, బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన కొడుతున్నా అది తిండి ఎక్కువైన లక్షణం. రెండోది ప్రమాదం, బండి ఆపేయండి. మా నందపూర్‌లో ముప్పైరెండు మెట్ల సింహాసనం చూడ్డానికి వచ్చేవాళ్లకు నేను చెప్పేదేమిటంటే, బండి దిగగానే మెట్ల వైపు వెళ్లకండి. రెక్టిఫైయర్ కనెక్టర్ మాడుతోందో లేదో వేడి మీదున్నప్పుడే వాసనతో తెలుస్తుంది. రాజుల చరిత్ర పది నిమిషాలు ఆగుతుంది.

మీటరు ఇలా చూడాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6కు అటూ ఇటూ చూపాలి. ఇంజను కాస్త గట్టిగా తిప్పితే 13.5 నుంచి 14.5 మధ్య నిలవాలి. 13 దాటకపోతే చార్జి లేదు. 15 దాటిందా, రెగ్యులేటర్ చేతులెత్తేసింది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగిందా లేదా అని చూసే పరీక్ష ఒకటి ఊళ్లలో ఉంది. చస్తే చేయకండి. బ్యాటరీ లేకపోతే వోల్టేజి ఎగిరిపడి, ఇంజెక్షన్ బండి కంప్యూటర్ దాకా పోవచ్చు.

పోయిన ఏడాది సాలూరులో మేనకోడలి పెళ్లి. తెల్లారి బయల్దేరబోతూ మీటరు పెడితే, హ్యాండిల్ తిప్పినా 12.4 దాటలేదు. పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగాలి. మా బావమరిది కొడుకు గుమ్మంలో నిలబడి, "ఏటి మావయ్యా, పెళ్లికెళ్లడం మానేసి బండి విప్పుతావా?" అన్నాడు. విప్పాను. బస్సులో పొమ్మన్నారు, పోలేదు. బండిని ఆ స్థితిలో వదిలి పెళ్లి భోజనం చేసే మనసు నాకు లేదు.

స్టేటరు మూడు పసుపు తీగల మధ్య ఏ రెంటికి మీటరు పెట్టినా ఏసీ ఒకేలా వచ్చింది. ఏ తీగకూ బాడీతో సంబంధం లేదు. అంటే స్టేటరు బాగానే ఉంది. డబ్బాను డయోడ్ పరీక్షలో పెడితే ఒక కాలు రెండు వైపులా కరెంటు పోనిస్తోంది. డయోడు ఒకే వైపు పోనివ్వాలి. కనెక్టర్ ప్లాస్టిక్ కాఫీ గింజ రంగుకు తిరిగింది. మధ్యాహ్నానికి అదే మోడల్ డబ్బా దొరికింది. "వేరే బండిది కూడా సెట్టవుతుంది" అన్నవాడి మాట వినలేదు. కొత్త కనెక్టర్ వేసి, ఎర్తింగ్ బోల్టు కింద తుప్పు గీకి, మళ్లీ మీటరు పెట్టాను. అప్పటికి అక్కడ తాళి కట్టడం అయిపోయింది, పంక్తి భోజనాలు కూడా లేచాయి.

హ్యాండిల్ తిప్పితే 14.1.