బయోలో ముందస్తు బెయిలు

ఈ రోజుల్లో జర్నలిస్టుకు ముందు కావలసింది అక్రిడిటేషన్ కార్డు కాదు, ఎక్స్‌లో బయో. మొదటి లైన్లో సంస్థ పేరు, హోదా. రెండో లైన్లో ‘అభిప్రాయాలు పూర్తిగా వ్యక్తిగతం, రీట్వీట్ అంటే ఆమోదం కాదు’. మొదటి లైను చూసి జనం ఫాలో అవుతారు. రెండోది చూసి లాయర్లు వెనక్కి వెళ్లిపోతారని జర్నలిస్టుల నమ్మకం. నేరం చేయకముందే తెచ్చి జేబులో పెట్టుకున్న ముందస్తు బెయిలన్నమాట.

ఈ బెయిలు మద్రాసు హైకోర్టులో చెల్లలేదు పాపం. మహిళా జర్నలిస్టులను కించపరిచే ఓ పోస్టును నటుడు, రాజకీయ నాయకుడు ఎస్.వి.శేఖర్ 2018లో ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. రాసింది తాను కాదన్నారు. ఫార్వర్డ్ చేశారంటే ఆమోదించినట్టేనంది హైకోర్టు. చివరకు 2023లో సుప్రీంకోర్టులో ఆయన లాయరు చెప్పిందేమిటంటే, కళ్లలో మందు వేసుకుని ఉండటంతో పోస్టులో ఏముందో ఆయన చదవలేకపోయారని. అక్కడా ఊరట దక్కలేదు. బాధితులు జర్నలిస్టులే కాబట్టి ఈ తీర్పు మనవాళ్లకు తెలియకపోయే ప్రసక్తే లేదు. అయినా బయోలో రెండో లైను చెక్కుచెదరలేదు. బహుశా అందరి కళ్లలోనూ మందు పడి ఉంటుంది.

సచివాలయం బీటు చూసే విలేకరి ఖాతా ఒక్కరోజు గమనించండి. పొద్దున్నే మంత్రిగారి పుట్టినరోజు. ‘అన్నకు జన్మదిన శుభాకాంక్షలు’ అంటూ భుజమ్మీద చెయ్యేసి దిగిన ఫొటో. (చెయ్యి అన్నది, భుజం మనవాడిది.) కింద మూడు దండాలు, రెండు మంటలు. మధ్యాహ్నం అదే అన్న శాఖలో టెండర్ల గొడవ బయటపడితే మనవాడి వార్త ఒకటే వాక్యం: ‘ఆరోపణలను అధికార వర్గాలు ఖండించాయి.’ సాయంత్రం ప్రతిపక్ష నేతను ఏకవచనంలో కడిగేస్తాడు. రాత్రికి విడుదల కాని సినిమాకు ‘ఇన్‌సైడ్ టాక్ అదిరింది’ అంటాడు. పేపర్లోకి ఇవి పంపితే డెస్క్‌లో సబ్ ఎడిటర్ కొట్టేస్తాడు. ఫోన్లో సబ్ ఎడిటర్ ఉండడు, బొటనవేలు ఉంటుంది.

బీబీసీ 2020లో తన సిబ్బందికి సోషల్ మీడియా నిబంధనలు పెడుతూ ఎమోజీలను కూడా వదల్లేదు. నిష్పక్షపాతంగా రాసిన పోస్టును సైతం ఒక్క ఎమోజీ చెడగొట్టగలదు, జాగ్రత్త అంది. ఆ దొరలకు మన దండం బొమ్మ మహిమ ఇంకా తెలిసినట్టు లేదు. సంతాపానికీ అదే, కాకా పట్టడానికీ అదే, ప్రకటన బిల్లు శాంక్షనైనందుకు కృతజ్ఞతకూ అదే.

సంతాపమంటే గుర్తొచ్చింది. 2023 మార్చిలో, ఉగాది ముందురోజు, నటుడు కోట శ్రీనివాసరావు పోయారంటూ సోషల్ మీడియా నిండా ఓంశాంతులు. ఫోన్లు ఎత్తలేక, బతికే ఉన్నానని ఆ పెద్దాయనే వీడియోలో చెప్పుకోవలసి వచ్చింది. బందోబస్తుకని పోలీసులు కూడా ఇంటికి వచ్చేశారట. చావు కబురు రాసేముందు ఇంటికెళ్లి చూడాలన్న పాత పాత్రికేయ నియమాన్ని ఆ రోజు పాటించింది పోలీసు శాఖే! ఆయన కన్నుమూసింది 2025 జూలై 13న. అదే ఏడాది నవంబరు 11న హిందీ నటుడు ధర్మేంద్ర వంతు వచ్చింది. ఈసారి పుకారు ఊరూపేరూ లేని ఖాతాలది కాదు, పేరున్న సంస్థలే ఆయన్ను పంపించేశాయి. భార్య హేమమాలిని, కూతురు ఈషా డియోల్ మండిపడ్డాక పోస్టులు మాయమయ్యాయి. ఆయన నవంబరు 24న పోయారు. సంతాపాలు రెండో విడత వచ్చాయి.

శిక్షలే లేవనడం అన్యాయం. 2021 జనవరి 26న ఢిల్లీ ట్రాక్టర్ ర్యాలీలో ఓ రైతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడని టీవీ జర్నలిస్టు రాజ్‌దీప్ సర్దేశాయ్ ట్వీట్ చేశారు. ట్రాక్టర్ బోల్తాపడిన వీడియోను పోలీసులు బయటపెట్టాక ఆ ట్వీటును తీసేశారు. సంస్థ ఆయన్ను రెండు వారాలు తెరకు దూరంగా పెట్టి, నెల జీతం కోసిందని వార్తలొచ్చాయి. కానీ ఇలా జీతం పోగొట్టే ట్వీట్లు ఎన్ని ఉంటాయి? జీతం కన్నా ఎక్కువ తెచ్చిపెట్టే ట్వీట్లే ఎక్కువ. వాటి మీద ‘ప్రకటన’ అన్న మాట ఉండదు, ‘వ్యక్తిగత అభిప్రాయం’ అని ఉంటుంది.

పోనీ ప్రెస్ కౌన్సిల్‌కు మొరపెట్టుకుందామా? 1978 చట్టం దాని చేతికిచ్చిన ఆయుధాలు హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం. ఈ మూడూ మనవాడికి కామెంట్లలో రోజూ ఉచితంగానే అందుతున్నాయి, ఇంకాస్త ఘాటైన భాషలో.

పేపర్లో తప్పు పడితే మర్నాడు ఏ మూలనో, చదవడానికి భూతద్దం కావలసినంత అక్షరాల్లోనైనా ‘సవరణ’ అని వేస్తారు. సోషల్ మీడియాలో దాని పేరు డిలీట్. తప్పు చదివిన వాళ్లకు అది తప్పని చెప్పే దిక్కుండదు. అందుకని పాఠకులకో మనవి. ఎవరో పోయారని బ్లూ టిక్కు మోసుకొచ్చిన కబురు కనబడితే, దండం బొమ్మ పెట్టకముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. పోస్టు మాయం కాగానే ఆ స్క్రీన్‌షాట్‌ను అదే ఖాతా కింద అంటించి, ‘సవరణ ఎప్పుడు సార్?’ అని మర్యాదగా అడగండి. మిమ్మల్ని బ్లాక్ చేశారంటే జవాబు వచ్చినట్టే.