ముందు ఎలుకను పట్టండి

నలభై దాటాక మగవాడికి కొత్త కోరికలు పుట్టుకొస్తాయి. కొందరు తెల్లవారుజామున నడక మొదలెడతారు, కొందరు అరెకరం కొని సేంద్రియ వ్యవసాయం అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఈ మధ్య ఇంకో రకం తయారవుతోంది. టెక్సస్‌లో ఉన్న బావమరిది చచ్చిన జింక పక్కన మోకాలు మోపి కూర్చుని పంపిన ఫోటోని పదేపదే పెద్దది చేసుకుని చూసి, చివరికి "మనం కూడా వేట మొదలెడితే ఎలా ఉంటుందంటారు?" అనే రకం. చట్టం ఒప్పుకోదండీ అని ఎవరైనా చెబితే ఆయన పెద్ద నిట్టూర్పు విడుస్తాడు. చట్టమే లేకపోతే ఈపాటికి పాపికొండల పులులు తన పేరు విని గోదావరి దాటేసి ఉండేవన్నట్టు మీసం సవరించుకుంటాడు. నాకు ఆ కోరిక మీద పేచీ లేదు, నిట్టూర్పు మీదే ఉంది. ఎందుకంటే చట్టం ఆయన దగ్గర లాక్కున్నది ట్రిగ్గర్ నొక్కే ఒక్క క్షణం. దానికి ముందుండే చాకిరీ అంతా ఆయనకే వదిలేసింది. వేటంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఆ చాకిరీయే, ఆయనకు అక్కర్లేనిదీ అదే.

చట్టం సంగతి ముందే తేల్చేద్దాం, అందులో నవ్వుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన కొత్తలో లైసెన్సు తీసుకుని కొన్ని జంతువుల్ని వేటాడే వీలుండేది. 1991 సవరణ ఆ తలుపు మూసేసింది. 2022 సవరణ జరిమానాలు పెంచింది. మొదటి షెడ్యూల్లోని జంతువు జోలికి వెళితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. కలెక్టరుగారి ఆఫీసు చుట్టూ తిరిగి తుపాకీ లైసెన్సు సంపాదించినా అది తుపాకీకే గాని పిట్టకు కాదు. ఇక మన కొల్లేరును 1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఇవన్నీ తెలిసినవే. కొత్తగా వేటకు బయల్దేరేవాళ్ళు గమనించనిది, చట్టంలో వేటకిచ్చిన నిర్వచనం. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర చూపడం మాత్రమే కాదు, ఆ పనులకు ప్రయత్నించడం కూడా వేటే. గూళ్ళను కదిపినా, గుడ్లు ముట్టుకున్నా వేటే. అంటే గురి తప్పినవాడికి ఏ రాయితీ లేదు. పిట్ట పడకపోయినా కేసు పడుతుంది. జీవితంలో మొదటిసారి తుపాకీ పట్టినవాడికి ఇంతకన్నా ప్రమాదకరమైన నిర్వచనం ఇంకెవరూ రాయలేరు.

"మన రాజులు ఆడలేదా?" అన్నది మొదటి అభ్యంతరం. ఇది పెదవేగిలో అడగాల్సిన ప్రశ్నే. శాలంకాయనుల రాజధాని వేంగి ఇదే, తూర్పు చాళుక్యులు ఏలిన వేంగీ ఇదే. ఈ మట్టి మీద నిలబడి మీసం తిప్పడం సహజం. కానీ కథల్లో మన రాజులు వేట నుంచి ఏం తెచ్చుకున్నారో ఒకసారి లెక్క చూడండి. దశరథుడు చీకట్లో చప్పుడు విని బాణం వేశాడు. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకున్నాడు, తీరా చూస్తే ముని కుమారుడు కుండ ముంచుతున్నాడు. పాండురాజు జింక అనుకుని కొట్టింది జింక రూపంలో ఉన్న మునిని. పరీక్షిత్తు వేటలో అలిసి, దాహం తీరక, చికాకులో ఒక ఋషి మెడలో చచ్చిన పామును వేసి, వారం తిరక్కుండా తక్షకుడి కాటుకు పోయాడు. దుష్యంతుడు కాస్త నయం, పెళ్ళి చేసుకున్నాడు, కాకపోతే చేసుకున్న సంగతి మరిచిపోయాడు. తిన్నడు రెండు కళ్ళూ ఇచ్చేయడానికి సిద్ధపడ్డాడు. మన వేంగీ వంశం వాడే అయిన రాజరాజనరేంద్రుడి మీద అల్లిన సారంగధర కథ తీసుకున్నా అంతే. తండ్రి వేటకు వెళ్ళిన పూటే కొడుకు పావురం చిత్రాంగి మేడ మీద వాలింది, ఆ తర్వాత కొడుకు కాళ్ళూ చేతులూ పోయాయి. ఒక్కరంటే ఒక్కరు వేటకు వెళ్ళి, రెండు పిట్టలు కొట్టుకొని, రాత్రికి ఇగురు వండించుకుని, హాయిగా పడుకున్న దాఖలా ఉందా? మన పూర్వులు వేట గొప్పదని కథలు చెప్పారని అనుకుంటాం. నాకైతే అవన్నీ ఇంట్లోంచి బయటికి వెళ్ళొద్దని ఆడవాళ్ళు చెప్పుకున్న కథల్లా కనిపిస్తాయి.

ఈ రాజుల్లో ఇద్దరిది ఒకే తప్పు, ఏం కొడుతున్నామో చూసుకోకుండా కొట్టడం. టెక్సస్ బావమరిది ఆ తప్పు చేయకుండా ముందు పాఠం చదువుకున్నాడు. అక్కడ 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్ళు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. తొమ్మిదేళ్ళు నిండిన పిల్లలకు కూడా ఆ సర్టిఫికెట్ ఇస్తారు, కాబట్టి ఎన్ని ప్రాజెక్టులు నడిపిన మేనేజరైనా అక్కడ నాలుగో తరగతి పిల్లవాడి జూనియరే. తుపాకీ భద్రతలో తప్పించుకోలేని పాఠం ఒకటుంది. ఎదురుగా ఉన్నదేమిటో తెలుసుకో, దాని వెనకాల ఏముందో కూడా తెలుసుకో. ఈ రెండో సగాన్ని కొల్లేటి లంకల్లో అన్వయించి చూడండి. పరజ పిట్ట వెనకాల చేపల చెరువు, చెరువు గట్టు మీద కాపలాదారు, గట్టు కింద గేదె, గేదె వెనకాల గేదె గలాయన. పిట్టను తప్పిపోయిన గుండు మన జిల్లాలో ఖాళీ స్థలంలో పడే అవకాశం చాలా తక్కువ.

"అమెరికాలో వేటగాళ్ళ డబ్బుతోనే అడవులు బతుకుతున్నాయి కదా" అని ఇక్కడొక తెలివైన అభ్యంతరం వస్తుంది. నిజమే, దాన్ని తోసిపుచ్చలేం. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకుల మీద, తూటాల మీద వసూలు చేసే పన్ను ప్రధానంగా వన్యప్రాణుల పనులకు పోతుంది. లైసెన్సు రుసుములూ అంతే. ఏ కాలంలో, ఏ జంతువు, మనిషికి ఎన్ని అన్న లెక్క ఉంటుంది, ఆ లెక్కను పాటించేవాళ్ళూ ఉంటారు. మన దగ్గర కూడా అలాంటిది పెట్టొచ్చు కదా అంటారు. మూడు పిట్టలే కొట్టాలని రూలు పెడితే మూడు కొట్టి ఇంటికి వచ్చేవాళ్ళెవరో నాకు చూపించండి. పెళ్ళి భోజనంలో కాజాలు ఒక్కొక్కటే వడ్డిస్తామంటే ఊరుకోని జాతి మనది.

ఇక అసలు పనికి వద్దాం. కొల్లేట్లో బాతు దగ్గరికి చేరాలంటే ఏం కావాలో చూడండి. తెల్లవారుజామున నాలుక్కల్లా నీటి మీద ఉండాలి. ఎక్కాల్సింది తాటి దోనె. తాటి మొద్దును తొలిచి చేసిన ఆ దోనెలో పుట్టి పెరిగిన వడ్డి కుర్రాడు నిలబడి గెడ వేస్తాడు, మనం కూర్చుని తుమ్మినా అది పక్కకు ఒరుగుతుంది. కిక్కిస గడ్డి మధ్య ఇరుక్కుపోవాలి, గుర్రపుడెక్కను చేత్తో నెట్టాలి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా నోరు మూసుకోవాలి. గంటల తరబడి. ఇక్కడే మనవాడి పని అయిపోతుంది. ఫోన్లో మాట్లాడుతుంటే అవతలి వ్యక్తి హైదరాబాద్‌లో ఉన్నా నేరుగా వినిపించాలన్నంత గట్టిగా మాట్లాడే మనం, కాఫీ గురించి, కాళ్ళ నొప్పి గురించి, అల్లుడి గురించి చెప్పుకోకుండా రెండు గంటలు నీటి మీద కూర్చోగలమా? నీటికోళ్ళు చట్టం చదవలేదు గాని మన గొంతు వినగలవు. అవి లేచిపోతాయి. తుపాకీ ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే. ఈ లెక్కన ఆ చట్టం పిట్టల్ని మన నుంచి కాపాడిన దానికన్నా, పిట్టల ముందు మన పరువును కాపాడినదే ఎక్కువ.

నిజమైన వేట విద్య ఎంత లోతైనదో చెప్పడానికి కలివికోడి ఒక్కటి చాలు. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్న పక్షి అది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున శాస్త్రవేత్త భరత్ భూషణ్ కడప జిల్లాలో దాని బొమ్మ పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని చేత్తో పట్టుకుని తెచ్చాడు. ఎనభై ఏళ్ళకు పైగా పుస్తకాలకు దొరకని పిట్ట ఆయన నడిచే దారిలోనే ఉంది. అది ఆ చేతుల్లో ఎక్కువ రోజులు బతకలేదు, అదీ ఈ కథలో భాగమే. కానీ ఆ రాత్రి చూపు, ఆ చీకట్లో ఆ పొదల మధ్య నడక, ఒక కోర్సులో వచ్చేవి కావు. అల్లం శేషగిరిరావు వేట కథలు చదివినవాళ్ళకు కూడా ఇది తెలుసు. "చీకటి" కథలో తుపాకీ ఉన్న దొర కన్నా దారి చూపే డిబిరిగాడే పాఠకుడికి గుర్తుండిపోతాడు. మన వేటాభిలాషి ఎప్పుడూ తనను ఆ కథలో దొర స్థానంలోనే ఊహించుకుంటాడు.

"కోడిని తినేవాళ్ళు పిట్టను కొడితే తప్పేంటి?" అనేది ఇంకో ప్రశ్న. తర్కంలో దానికి బలం ఉంది, వంటింట్లో లేదు. కోడి తెగే చోట కళ్ళు మూసుకుని, "స్కిన్‌లెస్, చిన్న ముక్కలు" అని చెప్పి, రోడ్డు అవతలికెళ్ళి నిలబడేవాడు ఈ ప్రశ్న అడక్కూడదు. అడవి పందులు పంట పాడుచేస్తున్నాయి కదా అని అడిగేవాళ్ళది మాత్రం న్యాయమైన బాధ. దానికి అధికారులు అనుమతి ఇచ్చే పద్ధతి చట్టంలోనే ఉంది. అయితే ఆ అనుమతి వచ్చేది గురి కుదిరిన షూటర్లకు, ఆదివారం ఖాళీగా ఉన్నవాళ్ళకు కాదు.

అయినా సరే, నాకు వేట కావాల్సిందే అని పట్టుబట్టే పెద్దమనిషికి నేనొక దారి చూపిస్తాను. ఈ ప్రాంతంలో చట్టానికీ రైతుకీ అభ్యంతరం లేని మృగం ఒకటుంది. ప్రభుత్వమే మందిచ్చి మరీ చంపమంటుంది. దాని మీద మార్టేరు వరి పరిశోధన స్థానంలో శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఆ తోటల్లోనూ పామ్ గెలలకు దాని బెడద ఉంది. అది ఎలుక. నవ్వకండి. అది అడవి జీవి, రాత్రి తిరుగుతుంది, తెలివైనది, పరమ అనుమానపు మనిషి. కొత్త తిండి కనిపిస్తే వెంటనే ముట్టదు, అందుకే జింకు ఫాస్ఫైడ్ పెట్టేముందు ఉత్త నూకలు పెట్టి అలవాటు చేస్తారు. బ్రోమాడయొలోన్ అయితే నూకలు 96 పాళ్ళు, నూనె 2, మందు 2 కలిపి పొట్లాలు కడతారు. అంతకన్నా ముందు ఏ కన్నంలో ఎలుక ఉందో కనిపెట్టాలి. సాయంత్రం గట్టు మీది కన్నాలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఏవి తెరుచుకున్నాయో చూడాలి, తెరుచుకున్నవాటిలోనే కాపురం ఉన్నట్టు. యానాదులు పొగబెట్టి పట్టే పద్ధతి చూస్తే అసలు విద్య తెలుస్తుంది. కుండలో గడ్డి వేసి నిప్పంటించి, కుండ మూతిని కన్నానికి ఆనించి, చుట్టూ తడిమట్టి మెత్తి, అడుగునున్న చిల్లులోంచి నోటితో ఊదుతారు. ఊదుతూనే కళ్ళు నీళ్ళు కారుతుండగా చుట్టుపక్కల గట్టంతా చూస్తుంటారు, ఎలుక ఎటు నుంచి బయటపడుతుందో తెలియాలి కదా. వెదురు బుట్టలు పెట్టేవాళ్ళు పొద్దుగూకే వేళ చేలో దిగి, అది నడిచే దారిని నలిగిన దుబ్బుల్ని బట్టి పట్టుకుని అక్కడే బుట్ట పెడతారు. జాడ పట్టడం, గాలి వాలు చూడటం, ఓపిక పట్టడం, మెలకువగా ఉండటం, అన్నీ ఇందులో ఉన్నాయి. వేటకు కావాల్సిన లక్షణాల్లో దీనికి ఏది తక్కువ?

ఒక్కటే తక్కువ, పక్కన మోకాలు మోపి కూర్చుని దిగిన ఫోటో టెక్సస్‌కు పంపడానికి పనికిరాదు. ఆ ఒక్క కారణంతో మన పెద్దమనుషులెవరూ ఎలుక వేటకు ముందుకు రారని నా ధీమా. అక్కడే నా వాదన రుజువవుతుంది. వాళ్ళు కోరుకుంటున్నది వేట కాదు, వేటాడినవాడన్న పేరు. పేరే కావాలంటే దానికీ మార్గముంది. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో గూడబాతుల కాలనీని మళ్ళీ కనిపెట్టి పక్షిశాస్త్ర చరిత్రలో నిలిచిపోయాడు, ఒక్క తూటా కూడా ఖర్చు కాకుండా. చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్ళండి, గూడబాతులు అక్కడే ఉంటాయి. అంత పెద్ద పక్షి మీద కెమెరా గురి తప్పడం కూడా కష్టమే, తప్పినా కేసు ఉండదు. గూళ్ళను మాత్రం కదపకండి, అది వేట కిందికే వస్తుంది. ఇక నిజంగా వేట మీదే మనసుంటే, సార్వా పైరు పొట్టకొచ్చే రోజుల్లో దెందులూరు వైపు ఏ రైతునైనా అడగండి. తుపాకీ, లైసెన్సు, సిఫారసు ఏమీ అడగరు. ఎలుకకింత అని కూలి కూడా ఇస్తారు.